ఫోలిక్ యాసిడ్ ముందే, ఐరన్ కాన్పు దాటాక కూడా: గర్భిణుల మాత్రల వెనుక లెక్క

క్లుప్తంగా: గర్భం రాకముందు నుంచే అందరికీ అవసరమైన మాత్ర ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. ఐరన్, కాల్షియం నాలుగో నెలలో మొదలై కాన్పు తర్వాత ఆరు నెలల దాకా సాగాలి. బీ12, విటమిన్ డి, అయోడిన్ అవసరం తినే తిండిని బట్టి మారుతుంది. విటమిన్ ఏ మాత్రం ఎక్కువైతే బిడ్డకే హాని. మన దగ్గర ఫోలిక్ యాసిడ్ ఆలస్యంగా మొదలవుతోంది, ఐరన్ తొందరగా ఆగిపోతోంది. మాత్రలు దొరక్కపోవడం కంటే ఇవే పెద్ద సమస్యలు.

గర్భిణుల కోసమని మెడికల్ షాపుల్లో అమ్మే విటమిన్లకు ఇప్పుడు లెక్కే లేదు. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్ర ఒకవైపు, పది పదిహేను పోషకాలు కలిపిన ఖరీదైన క్యాప్సూళ్లు ఇంకోవైపు. ఒక డాక్టరు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాస్తే, ఇంటర్నెట్‌లో 400 మైక్రోగ్రాములు చాలని కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లేమో ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని భయపెడతారు. ఏది నమ్మాలో తెలియక కొందరు అన్నీ కొంటారు, కొందరు అన్నీ మానేస్తారు. ఏ పోషకం ఏ వారంలో ఏం పని చేస్తుందో తెలిస్తే ఈ గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

28 రోజుల గడువు

పిండం ఏర్పడ్డాక మొదట రూపుదిద్దుకునే వాటిలో న్యూరల్ ట్యూబ్ ఒకటి. పలకలా ఉన్న కణాల పొర అంచులు పైకి లేచి, ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా మారతాయి. పై భాగం మెదడుగా, కింది భాగం వెన్నుపాముగా ఎదుగుతుంది. పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే ఈ గొట్టం పూర్తిగా మూసుకోవాలి. కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా వస్తుంది. వెన్నుపాము బయటికి తెరుచుకుని ఉండటంతో కాళ్లు చచ్చుబడటం, మూత్రం మీద అదుపు లేకపోవడం వంటి ఇబ్బందులు బిడ్డను జీవితాంతం వెంటాడవచ్చు. పైన మూసుకోకపోతే వచ్చేది అనెన్‌సెఫలీ. మెదడు, పుర్రె సరిగా ఏర్పడని ఆ బిడ్డ బతకదు.

ఈ దశలో కణాలు విపరీతమైన వేగంతో విభజన చెందుతాయి. ప్రతి విభజనకూ కొత్త డీఎన్‌ఏ కావాలి, దాని తయారీకి ఫోలేట్ అనే బీ విటమిన్ తప్పనిసరి. మాత్రల్లో ఉండే దాని కృత్రిమ రూపమే ఫోలిక్ యాసిడ్. అది చాలకపోతే గొట్టం మూసుకోవాల్సిన సమయానికి మూసుకోలేకపోవచ్చు.

తేదీలు చూస్తే చిక్కు అర్థమవుతుంది. నెల తప్పిందని గమనించేసరికే పిండానికి రెండు వారాల వయసు ఉంటుంది. పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఇంకో రెండు మూడు వారాలు గడుస్తాయి. మొదటి మాత్ర వేసుకునే రోజుకు న్యూరల్ ట్యూబ్ మూసుకోవడమో, మూసుకోకుండా మిగిలిపోవడమో అయిపోయి ఉంటుంది. పైగా మాత్ర వేసుకున్న మర్నాడే రక్తంలో ఫోలేట్ నిండిపోదు. ఎర్ర రక్తకణాల్లో అది తగినంత చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు మొదలుపెట్టమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా ఇలాగే ఉంది: పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన నాటి నుంచి 12వ వారం దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు.

నెల తప్పాక మొదలుపెట్టిన మాత్ర వృథా మాత్రం కాదు. తల్లి రక్తం పెరగడానికి, బిడ్డ ఎదుగుదలకు ఫోలేట్ చివరిదాకా కావాలి. న్యూరల్ ట్యూబ్‌ను కాపాడే అవకాశం ఒక్కటే అప్పటికి దాటిపోయి ఉంటుంది.

బొంబాయి మిల్లుల నుంచి భీమవరం బిడ్డ దాకా

ఈ విటమిన్ కథ మొదలైంది మన దేశపు గర్భిణుల దగ్గరే. 1928లో బొంబాయి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక రకం తీవ్ర రక్తహీనతను గమనించారు. ఈస్ట్‌తో తయారైన చవక పదార్థం ఇస్తే వాళ్లు కోలుకోవడం చూసి, అందులో తెలియని పోషకమేదో ఉందని 1931లో ప్రకటించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945 నాటికి ఆ పోషకాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ రోజు ప్రపంచమంతా గర్భిణులు వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర అక్కడి నుంచి వచ్చిందే.

అప్పటికి అది రక్తహీనతకు మందు మాత్రమే. పుట్టుకలోపాలను ఆపుతుందన్న గట్టి రుజువు 1991లో వచ్చింది. అంతకుముందు కాన్పులో న్యూరల్ ట్యూబ్ లోపం ఎదురైన 1,817 మంది మహిళలపై బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో పరీక్ష జరిపింది. రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. మరుసటి ఏడాది హంగరీలో జరిగిన పరిశోధన, ఇంతకుముందు అలాంటి కాన్పు లేనివారికీ ఈ రక్షణ ఉంటుందని చూపించింది. 1990లలో చైనాలో పెళ్లినాటి నుంచే 400 మైక్రోగ్రాములు ఇచ్చి చూశారు. లోపాలు ఎక్కువగా ఉండే ఉత్తర ప్రాంతంలో అవి నాలుగింట మూడొంతులకు పైగా తగ్గాయి, తక్కువగా ఉండే దక్షిణంలో దాదాపు 40 శాతం తగ్గాయి. మామూలు మహిళలకు చిన్న డోసు చాలన్న మాటకు ఈ అనుభవమే పెద్ద ఆధారం.

400 మైక్రోగ్రాములా, 5 మిల్లీగ్రాములా?

ఈ రెండింటి మధ్య తేడా పన్నెండు రెట్లకు పైనే. మన మెడికల్ షాపుల్లో ఫోలిక్ యాసిడ్ అంటే చేతికిచ్చేది ఎక్కువగా 5 మిల్లీగ్రాముల మాత్రే. అది నిజంగా అవసరమైనవారు కొందరున్నారు: ముందు కాన్పులో న్యూరల్ ట్యూబ్ లోపం ఎదురైనవారు, దంపతుల్లో ఎవరికైనా ఆ లోపం ఉన్నవారు, షుగర్ ఉన్నవారు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వంటి మందులు వాడేవారు. వాల్‌ప్రోయేట్ వాడేవారు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాల్సి రావచ్చు. సొంతంగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ఇంకా పెద్ద ప్రమాదం.

మిగతావారికి 400 మైక్రోగ్రాములు చాలు. మామూలు పెద్దవారికి ఫోలిక్ యాసిడ్ రోజుకు 1 మిల్లీగ్రామ్ దాటకూడదని పరిమితి పెట్టడానికి కారణం బీ12. బీ12 లోపం ఉన్నవారికి ఎక్కువ ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే సహజంగా దొరుకుతుంది కాబట్టి శాకాహారులు ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. పుణె ప్రాంతంలో తల్లులను, పిల్లలను ఏళ్లపాటు గమనించిన పరిశోధన 2008లో ఒక సంగతి బయటపెట్టింది. గర్భంలో బీ12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని నిరూపించలేదు. అయినా 5 మిల్లీగ్రాములు అందరికీ అలవాటుగా రాయడం సరికాదనడానికి, శాకాహారులైన గర్భిణులకు బీ12 పరీక్ష చేయించమనడానికి ఇది తగిన కారణమే.

ఆకుకూరలు తింటే సరిపోదా?

తోటకూర, పాలకూర, పెసలు, శనగలు ఫోలేట్‌కు మంచి వనరులే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం మామూలు మహిళకు రోజుకు 220 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి, గర్భిణికి 570. ఆకుకూరలోని ఫోలేట్ వేడికి పాడవుతుంది, ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది. మిగిలినదాన్ని కూడా శరీరం మాత్రలోని ఫోలిక్ యాసిడ్ అంత బాగా గ్రహించలేదు. కూరలు మానక్కర్లేదు, కానీ న్యూరల్ ట్యూబ్ రక్షణను వాటి మీదే వదిలేయలేం.

రేషన్‌లో ఇచ్చిన ఫోర్టిఫైడ్ బియ్యం సంగతీ తరచూ చర్చకు వస్తుంది. అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలుపుతారు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలి. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా 30 నుంచి 50 మైక్రోగ్రాములే అందుతాయి. 1998 నుంచి ధాన్యపు పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి చేసిన అమెరికాలో కిలోకు 1,400 మైక్రోగ్రాములు కలుపుతారు. అక్కడ న్యూరల్ ట్యూబ్ లోపాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మన బియ్యంలో కలిపే మోతాదు దానిలో పదో వంతు కూడా లేదు. ఫోర్టిఫైడ్ బియ్యం తింటున్నామని మాత్ర మానేయడం పొరపాటు.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇందులో వేరే మెలిక ఉంది. అక్కడి రక్షణ బ్రెడ్, పాస్తా, ఫోర్టిఫై చేసిన బియ్యం ద్వారా అందుతుంది. ఇండియన్ స్టోర్లలో దొరికే సోనా మసూరిలో సాధారణంగా ఫోలిక్ యాసిడ్ కలిపి ఉండదు. అన్నం మీదే బతికే ఇంట్లో ఆ దేశపు ఏర్పాటు పెద్దగా ఉపయోగపడదు కాబట్టి మాత్రే దిక్కు.

ఐరన్: చివరిదాకా సాగడమే కష్టం

గర్భంలో తల్లి రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. మొత్తం గర్భకాలానికి అదనంగా దాదాపు 1,000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అందులో 300 బిడ్డకు, మాయకు పోతుంది. 500 తల్లిలో పెరిగే ఎర్ర రక్తకణాలకు. మిగతాది రోజువారీగా పోయేది. ఈ అవసరంలో ఎక్కువ భాగం నాలుగో నెల తర్వాతే వస్తుంది. తొలి మూడు నెలల్లో వేవిళ్లతో మాత్ర కడుపులో నిలవడమూ కష్టం. అందుకే ఐరన్‌ను నాలుగో నెలలో మొదలుపెడతారు. ముందే రక్తం తక్కువగా ఉంటే డాక్టరు ఇంకా ముందే ఇవ్వవచ్చు.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (లవణం బరువు తీసేస్తే మిగిలే అసలు ఐరన్), 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి చొప్పున గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క, అప్పుడు రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. 7 కంటే తగ్గితే మాత్రలతో సరిపోదు. ఆస్పత్రిలో నరం ద్వారా ఐరన్, అవసరమైతే రక్తం ఎక్కించాలి.

కాగితం మీద ఉన్నది ఇళ్లలో జరగడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 53 శాతం పైనే ఉన్నాయి. 180 రోజులు మాత్రలు వేసుకున్న తల్లులు దేశం మొత్తం మీద 26 శాతమే. మొదలుపెట్టినవారిలో చాలామంది మధ్యలో ఆపేస్తున్నారన్నమాట.

కారణాలు చాలావరకు కడుపుకు సంబంధించినవే. మలబద్ధకం, వికారం, నోట్లో లోహపు రుచి. మలం నల్లగా రావడం చూసి భయపడతారు. అది శరీరం గ్రహించని ఐరన్ రంగు, దానివల్ల హాని లేదు. బిడ్డ నల్లగా పుడుతుందన్న నమ్మకానికి ఏ ఆధారమూ లేదు. చర్మం రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, ఐరన్‌కు చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌తో ఏ లింకూ లేదు. బిడ్డ బాగా పెరిగి కాన్పు కష్టమవుతుందన్న భయమూ అంతే. నిజానికి రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో మామూలు రక్తస్రావం కూడా ప్రాణం మీదికి రావచ్చు.

తొలిచూలుకు ఏడో నెలలోనో ఆ తర్వాతో పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. మాత్రలిచ్చే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త అప్పటికి మారిపోతారు. బయల్దేరే ముందే కాన్పు దాకా సరిపడా మాత్రలు, తల్లీబిడ్డల కార్డు వెంట పెట్టుకోవడం చిన్న పనే కానీ, అవసరం ఎక్కువగా ఉండే చివరి నెలల్లో మాత్ర తెగిపోకుండా చేసేది అదే.

వేసుకునే తీరూ ముఖ్యమే. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఐరన్‌ను శరీరానికి పట్టనివ్వవు. భోజనమైన గంట తర్వాత నిమ్మరసంతోనో, జామకాయతోనో వేసుకుంటే మేలు. టీకి ముందూ వెనుకా కనీసం గంట, కాల్షియం మాత్రకు రెండు గంటలు దూరం ఉంచాలి. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం కాల్షియం 14వ వారం నుంచి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున, భోజనంతో పాటు. కాల్షియం తక్కువగా తినేవారిలో ఇది గర్భంలో బీపీ పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియా ముప్పును తగ్గిస్తుంది. ఐరన్, కాల్షియం రెండూ ఒకేసారి మింగేస్తే ఐరన్ సగం వృథా కావచ్చు.

సీసా మీద అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో ఉండే ఐరన్ 60 మిల్లీగ్రాములే. పోల్చాల్సింది ఎలిమెంటల్ ఐరన్ అని రాసి ఉన్న అంకెను. అమెరికాలో అమ్మే గర్భిణుల గమ్మీల్లో చాలావాటిలో ఐరన్ అసలే ఉండదు.

ఎక్కువైతే చెరుపు చేసేది విటమిన్ ఏ

నీటిలో కరిగే విటమిన్లలో మిగులు చాలావరకు మూత్రంలో పోతుంది. విటమిన్ ఏ అలా పోదు, కాలేయంలో పేరుకుంటుంది. రెటినాల్ రూపంలో రోజుకు 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 యూనిట్లు దాటితే గుండె, ముఖం, మెదడు లోపాలకు దారితీయవచ్చు. తొలి వారాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. క్యారెట్, గుమ్మడికాయ, ఆకుకూరల్లోని బీటా కెరోటిన్‌తో ఈ బెంగ లేదు, శరీరం దాన్ని అవసరమైనంతే విటమిన్ ఏగా మార్చుకుంటుంది.

మన ఇళ్లలో రక్తం పడుతుందని గర్భిణికి లివర్ వేపుడు పెడతారు. మేక, గొర్రె, కోడి ఏదైనా సరే, 100 గ్రాముల కాలేయంతోనే ఆ పరిమితి దాటిపోవచ్చు. బ్రిటన్‌లో గర్భిణులను కాలేయం పూర్తిగా మానేయమంటారు. రక్తం కోసమైతే ఎర్ర మాత్ర ఉండగా, ముఖ్యంగా తొలి మూడు నెలల్లో, ఈ ముప్పు తెచ్చుకోనక్కర్లేదు. కాడ్ లివర్ ఆయిల్‌కూ ఇదే వర్తిస్తుంది. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ కూడా విటమిన్ ఏ కుటుంబానిదే. గర్భానికి కనీసం నెల ముందు దాన్ని ఆపకపోతే బిడ్డకు తీవ్ర లోపాలు రావచ్చు. పెళ్లికి ముందు మొటిమల మందు వాడే అమ్మాయిలకు ఈ మాట తప్పనిసరిగా చెప్పాలి.

విటమిన్ డి విషయంలో దేశానికో మాట ఉంది. బ్రిటన్ రోజుకు 400 యూనిట్లు వేసుకోమంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ అక్కర్లేదంటుంది. మన దగ్గర రాసే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లను డాక్టరు చెప్పినన్ని వారాలకు మించి కొనసాగించకూడదు. అయోడిన్‌కు మామూలు అయోడైజ్డ్ ఉప్పే ప్రధాన ఆధారం. ఆరోగ్యమని దాన్ని వదిలి సైంధవ లవణానికి, పింక్ సాల్ట్‌కు మారిన ఇళ్లలో ఆ ఆధారం పోతుంది. బిడ్డ మెదడు ఎదిగే నెలల్లో అది మంచిది కాదు.

ఖరీదైన సీసా ఏమిస్తుంది?

ఎల్-మిథైల్‌ఫోలేట్ మాత్రలను మామూలు ఫోలిక్ యాసిడ్ కంటే మేలైనవని అమ్ముతున్నారు. ఎమ్‌టీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువులో తేడా ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ పట్టదన్న ప్రచారం దీనికి మూలం. ఆ తేడా ఉన్నవారి శరీరం కూడా ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోగలదు. న్యూరల్ ట్యూబ్ లోపాలను ఆపుతుందని పరీక్షల్లో రుజువైంది ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. ఎక్కువ ధర పెట్టి తక్కువ రుజువు ఉన్నదాన్ని కొనడంలో అర్థం లేదు.

మగవారికి జింక్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందా అని రెండు వేలకు పైగా జంటలతో అమెరికాలో పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం: తేడా లేదు. విటమిన్ సీ, ఈ మాత్రలను గర్భిణులందరికీ ఇవ్వడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. ఒమేగా-3 మాత్రం నెలలు నిండకుండా పుట్టడాన్ని కొంత తగ్గిస్తుందని ఆధారాలున్నాయి. వారానికి రెండుసార్లు చేపలు తినేవారికి అదీ విడిగా కొనాల్సిన పనిలేదు.

పదిహేను పోషకాలు కలిపిన ఐక్యరాజ్యసమితి ఫార్ములా మాత్రతో తక్కువ బరువు బిడ్డలు కొంత తగ్గుతారు. దానిలో ఐరన్ సాధారణంగా 30 మిల్లీగ్రాములే. గర్భిణుల్లో 40 శాతానికి పైగా రక్తహీనత ఉన్న చోట 60 మిల్లీగ్రాములే మేలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన రెండు రాష్ట్రాలూ ఆ గీత దాటే ఉన్నాయి కాబట్టి, అలాంటి మాత్రకు మారాలంటే ఐరన్ సంగతి ముందు తేల్చుకోవాలి.

తొలి ఖాళీ పూడాలంటే

గర్భానికి ముందు, తొలి మూడు నెలల్లో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని మన ప్రభుత్వ మార్గదర్శకాల్లోనూ ఉంది. దాన్ని ఎవరు, ఎప్పుడు చేతికివ్వాలన్న దగ్గరే గొలుసు తెగుతోంది. గర్భిణి పేరు నమోదయ్యాకే వ్యవస్థ కదులుతుంది, నమోదు నెల తప్పాకే జరుగుతుంది.

గర్భం లేని మహిళలకు ఇచ్చే వారం మాత్రతో ఈ లోటు తీరుతుందా అంటే, ఇప్పుడున్న డోసులో కష్టమే. అందులో వారానికి 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. వారం మాత్రకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 2,800, అంటే రోజుకు 400 చొప్పున ఏడు రోజులది. మన వారం మాత్ర రక్తహీనత కోసం తయారైంది, న్యూరల్ ట్యూబ్‌ను దృష్టిలో పెట్టుకుని కాదు. డోసు పెంచితే కొత్త వ్యవస్థేదీ కట్టకుండానే రక్షణ వైపు ఒక అడుగు పడుతుంది.

రెండో దారి పెళ్లి దగ్గర మొదలవుతుంది. మన దగ్గర చాలా జంటలు తొలి బిడ్డకు ముందు గర్భనిరోధకాలు వాడవు, పెళ్లయిన కొద్ది నెలల్లోనే గర్భం వస్తుంది. ఏఎన్‌ఎం దగ్గర అర్హులైన దంపతుల రిజిస్టరు ఇప్పటికే ఉంది. ఊళ్లో ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చిందో ఆశా కార్యకర్తకు తెలుసు. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తుల ద్వారా ప్రభుత్వానికీ పెళ్లి సంగతి చేరుతుంది. ఆ సమయంలో మూడు నెలల ఫోలిక్ యాసిడ్, ఒక హిమోగ్లోబిన్ పరీక్ష, మూర్ఛ మందులూ మొటిమల మందులూ వాడుతున్నారా అన్న ప్రశ్న చేరిస్తే, మొదటి మాత్ర 28 రోజుల గడువుకు ముందే ఇంటికి చేరుతుంది.